సోలార్ బ్యాటరీ ఛార్జ్ అవ్వట్లేదా? కొత్తది కొనే ముందు ఈ 6 చెక్స్ చేయండి

పొద్దున్నుంచి ఎండ దంచికొట్టింది. అయినా రాత్రి 8 అయ్యేసరికి ఇన్వర్టర్ బీప్ కొట్టి ఆగిపోతోంది. ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా మొదట వచ్చే మాట "బ్యాటరీ పోయింది, మార్చేయండి" అనే. ఆగండి! 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అంటే వేల రూపాయల ఖర్చు. అసలు తప్పు ఫ్యూజ్‌లోనో, వైర్‌లోనో, కంట్రోలర్ సెట్టింగ్‌లోనో ఉంటే కొత్త బ్యాటరీ పెట్టినా సమస్య తీరదు. పైగా సగం ఛార్జ్‌తోనే రోజులు గడిస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. అంటే పాత బ్యాటరీని చంపిన తప్పే కొత్తదాన్నీ చంపుతుంది.

అందుకే రూల్ ఒక్కటే: ముందు కొలవాలి, తర్వాతే కొనాలి. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంటే చాలు, తప్పు ఎక్కడుందో అరగంటలో దాదాపు తెలిసిపోతుంది.

ముందుగా ఇవి గుర్తుంచుకోండి

ఈ గైడ్ 12 వోల్టుల చిన్న ఆఫ్‌గ్రిడ్ సిస్టమ్స్ కోసం. అంటే ప్యానెల్, ఛార్జ్ కంట్రోలర్, బ్యాటరీ ఉన్నవి. 24 వోల్టులది అయితే కింద చెప్పే బ్యాటరీ రీడింగ్స్‌ని రెట్టింపు చేసుకోండి.

పీఎం సూర్య ఘర్ లాంటి పథకాల్లో పెట్టించుకునే రూఫ్‌టాప్ సిస్టమ్స్‌లో ఎక్కువ శాతం ఆన్‌గ్రిడ్. వాటిలో బ్యాటరీయే ఉండదు, కరెంట్ పోతే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. అది ఫాల్ట్ కాదు, లైన్‌మెన్ సేఫ్టీ కోసం అలా డిజైన్ చేశారు. పైగా ఆ ప్యానెల్ వైర్లలో వందల వోల్టుల డీసీ ఉంటుంది. వాటిని మీరు ముట్టుకోవద్దు, టెక్నీషియన్‌ని పిలవండి.

చిన్న సిస్టమ్‌లో కూడా జాగ్రత్తలు తప్పవు. వైర్లు విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. చేతికి ఉంగరం, మెటల్ వాచ్ ఉంటే తీసేయండి. బ్యాటరీ దగ్గర నిప్పు వద్దు, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. మల్టీమీటర్‌ని ఆంపియర్ మోడ్‌లో పెట్టి బ్యాటరీ టర్మినల్స్‌కి అస్సలు తాకించకండి, అది నేరుగా షార్ట్ సర్క్యూట్.

1. బ్యాటరీ రెస్ట్ వోల్టేజ్ చూడండి

తెల్లవారుజామున, ఎండ రాకముందు, లోడ్ ఆపి కొంతసేపు ఆగి కొలవండి. లెడ్ యాసిడ్ అయితే 12.7 దగ్గర ఉంటే ఫుల్, 12.2 దగ్గర ఉంటే సగం, 11.8 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. ట్యూబులర్ బ్యాటరీ అయితే ఫ్లోట్ ఇండికేటర్లు కూడా చూడండి. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, యాసిడ్ పోయకూడదు.

లిథియం బ్యాటరీలో 0 వోల్టులు చూపిస్తే వెంటనే కంగారుపడకండి. బాగా ఖాళీ అయినప్పుడు లోపలి బీఎంఎస్ సెల్స్‌ని కాపాడటానికి అవుట్‌పుట్ కట్ చేస్తుంది. అప్పుడు కంట్రోలర్‌కి బ్యాటరీ కనిపించదు, కాబట్టి ఛార్జింగ్ మొదలవదు. దాన్ని నిద్రలేపే ఫీచర్ ఉన్న లిథియం ఛార్జర్ పెట్టాల్సి ఉంటుంది.

2. మధ్యాహ్నం రెండు చోట్ల కొలవండి

ఇదే అసలైన టెస్ట్. 11 నుంచి 2 మధ్యలో ఎండ బాగా ఉన్నప్పుడు కంట్రోలర్ బ్యాటరీ టర్మినల్స్ దగ్గర ఒకసారి, బ్యాటరీ టర్మినల్స్ మీద ఒకసారి వోల్టేజ్ చూడండి.

- రెండూ పొద్దుటి రీడింగ్ కంటే పెరిగితే: ఛార్జింగ్ జరుగుతోంది. అది సరిపోతోందా అన్నదే ప్రశ్న, 5, 6 చెక్స్ చూడండి.
- కంట్రోలర్ దగ్గర ఎక్కువ, బ్యాటరీ దగ్గర తక్కువ ఉంటే: తప్పు ఆ రెండిటి మధ్యే ఉంది. కాలిపోయిన ఫ్యూజ్, లూజ్ స్క్రూ, టర్మినల్ మీద తెల్లటి తుప్పు చెక్ చేయండి.
- రెండు చోట్లా పెరగకపోతే: ప్యానెల్ వైపు వెళ్లండి.

3. ప్యానెల్ వోల్టేజ్

ప్యానెల్ మీద గుడ్డ కప్పి, దాని వైర్లు కంట్రోలర్ నుంచి విప్పి, గుడ్డ తీసి కొలవండి. 36 సెల్స్ ఉన్న 100 వాట్ ప్యానెల్ స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 21 నుంచి 22 వరకు ఉంటుంది. మే నెల ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు వేడెక్కితే అది 19 దగ్గరకు దిగుతుంది, ఇది నార్మల్.

10 లేదా 11 మాత్రమే వస్తుంటే వెనక జంక్షన్ బాక్స్‌లోని బైపాస్ డయోడ్ షార్ట్ అయి ఉండొచ్చు. అలా అయితే సగం సెల్స్ లెక్కలోకి రావు. 0 వస్తే కనెక్టర్ లేదా వైర్ తెగినట్టు.

వోల్టేజ్ బాగుందంటే ప్యానెల్ బాగుందని కాదు. వాటర్ ట్యాంక్ నీడో, కొబ్బరి మట్ట నీడో ఒక మూల పడినా వోల్టేజ్ పెద్దగా తగ్గదు, కరెంట్ మాత్రం పడిపోతుంది. కాబట్టి నీడ ఏ టైమ్‌లో ఎక్కడ పడుతోందో రోజంతా గమనించండి. దుమ్ము కడగాలంటే పొద్దున్నే, గ్లాస్ చల్లగా ఉన్నప్పుడు కడగండి.

4. కంట్రోలర్ సెట్టింగ్స్

ప్యానెల్ ఓకే, వైర్లు ఓకే, అయినా ఛార్జింగ్ లేదంటే ఇక్కడ చూడండి. బ్యాటరీ టైప్ సరిగ్గా ఎంచుకున్నారా? 12 వోల్టుల బ్యాటరీని కంట్రోలర్ 24 అనుకుంటోందా? లెడ్ యాసిడ్‌కి ఛార్జింగ్ చివర్లో సుమారు 14.4, ఫ్లోట్‌లో 13.6 దగ్గర ఉండాలి. అసలు లెక్క బ్యాటరీ కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే ఫాలో అవ్వండి.

ఇంకో కామన్ మిస్టేక్: 72 సెల్స్ ఉన్న 330 వాట్ ప్యానెల్‌ని చౌక 12 వోల్టుల పీడబ్ల్యూఎం కంట్రోలర్‌కి కలపడం. దాని ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 45 దాకా ఉంటుంది. కంట్రోలర్ తట్టుకోలేకపోతే కాలిపోతుంది, తట్టుకున్నా సగానికి పైగా పవర్ వేస్ట్. అలాంటి ప్యానెల్‌కి ఎంపీపీటీ కావాలి.

5. వైర్ మందం

దీన్ని చాలామంది పట్టించుకోరు. మేడ మీద నుంచి కిందికి 20 మీటర్ల దూరం అనుకుందాం. రానూ పోనూ 40 మీటర్లు. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైర్‌లో 10 ఆంపియర్లు వెళ్తే దాదాపు 1.9 వోల్టులు వైర్‌లోనే పోతాయి. వేడెక్కిన 100 వాట్ ప్యానెళ్లు లోడ్‌లో ఇచ్చేదే 15 దగ్గర. అందులో 1.9 పోతే మిగిలేది 13 చిల్లర, 14.4కి చేరడం కష్టం! కంట్రోలర్‌లో ఛార్జింగ్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం ఫుల్ కాదు. వైర్ మందం పెంచడమే దీనికి మందు.

6. లెక్క సరిపోతోందా?

ఒక్కోసారి ఏ పార్టూ చెడిపోదు. 100 వాట్ ప్యానెల్ మంచి ఎండ ఉన్న రోజున, నష్టాలు పోను, సుమారు 350 వాట్ అవర్స్ ఇస్తుంది. 50 వాట్ ఫ్యాన్ 8 గంటలు తిరిగితే 400, 10 వాట్ రౌటర్ రోజంతా ఆన్‌లో ఉంటే 240. మొత్తం 640. వచ్చేది 350, పోయేది 640. ఏ బ్యాటరీ పెట్టినా ఖాళీయే. ఇక్కడ కావాల్సింది కొత్త బ్యాటరీ కాదు, ఇంకో ప్యానెల్. తక్కువ పవర్ తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే లోటు కొంత తగ్గుతుంది.

మరి బ్యాటరీ నిజంగా పోయిందని ఎప్పుడు అనాలి?

ఖాళీ బ్యాటరీ ఎండ తగలగానే గంటలోపే 14.4కి ఎగబాకి "ఫుల్" అని చూపిస్తుంది. సాయంత్రం ఫ్యాన్ వేయగానే పది నిమిషాల్లో 11కి పడిపోతుంది. పై 6 చెక్స్ ఓకే అయి, ఇలా జరుగుతుంటే కెపాసిటీ పోయినట్టే. అప్పుడు కూడా వారంటీ కార్డు ముందు చూసుకోండి.

చివరిగా ఒక టిప్. మీ సిస్టమ్ బాగా పనిచేస్తున్న రోజునే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రీడింగ్స్ తీసి ఫోన్ నోట్స్‌లో సేవ్ చేసుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూడటానికి మీ దగ్గర నంబర్స్ ఉంటాయి. "బ్యాటరీ మార్చండి" అని ఎవరైనా చెప్పినా, "ఏ రీడింగ్ చూసి చెప్తున్నారు?" అని ధైర్యంగా అడగొచ్చు.