ఆ బండికి చట్రం వేరే లేదు

చిన్నా,

నువ్వు బాగు చేయించాలనుకుంటున్న మారుతి వ్యాను ఫోటోలు పంపావు, చూశాను. ఇంజను, సీట్లు, డ్యాష్‌బోర్డు, మీ నాన్న అంటించిన వెంకటేశ్వరస్వామి స్టిక్కరు అన్నీ ఉన్నాయి. బండి కింద ఎట్లా ఉందో చూపించేది మాత్రం ఒక్కటీ లేదు. నాకు కావలసింది అదే.

నేను మియాపూర్‌లో ఆర్టీసీ బస్ బాడీ యూనిట్‌లో రేకు పని చేసిన మనిషినని నీకు తెలుసు. అక్కడికి చాసిస్, అంటే చట్రం, విడిగా వచ్చేది. దాని మీద గూడు కట్టి, అల్యూమినియం రేకులు రివెట్లతో కొట్టేవాళ్లం. రేకు పాడైతే రివెట్లు ఊడదీసి ఇంకోటి వేస్తే సరి, బస్సు బలమంతా కింది చాసిస్‌లో ఉంటుంది. మారుతి వ్యానుకు అట్లాంటి చాసిస్ లేదు. పల్చటి రేకులను ఒత్తి, మడిచి, అతికి కట్టిన పెట్టె అది. నేల, గుమ్మాలు, చక్రాల గుంటలు అన్నీ కలిస్తేనే దాని బలం. అందుకే నేల తుప్పు పట్టిందంటే బండి వెన్నెముకకే తుప్పు పట్టినట్టు. ఇంజను పోతే ఇంకో ఇంజను దొరుకుతుంది. గూడు పోతే బండే లేదు.

బండి ఏడేళ్లుగా రాళ్లగూడలో మట్టి నేల మీద, టార్పాలిన్ కింద ఉంది. వానకు తడవలేదని నువ్వు సంబరపడుతున్నావు. మట్టిలోంచి లేచిన చెమ్మ ఆ పట్టా కింద చిక్కుకొని, పై నుంచి పడే వానకన్నా ఎక్కువ తినేస్తుంది. ముందు పట్టా తీసెయ్. లోపలి మ్యాట్లు పీకి, డ్రైవరు కాళ్ల దగ్గర, స్లైడింగ్ డోరు కింది రైలు వెంట, బ్యాటరీ పెట్టే చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడు. రేకు ఖంగుమంటే మంచిదే. మొన లోపలికి దిగితే అక్కడ కోసి కొత్త రేకు వెయ్యాల్సిందే. ఒక అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకో. అది అంటుకోని చోట ఎవరో ఎప్పుడో పుట్టీ దట్టంగా పూసి దాచారని అర్థం.

నువ్వు అడిగిన మెకానిక్ ఇంజను గురించే ఎక్కువ చెప్పాడని రాశావు. ఇంజను ఓవర్‌హాలింగ్ అతనికి చేతనైన పని కాబట్టి చెప్తాడు. నిజానికి ఈ బండిలో భయపడాల్సిన పని లేనిది ఇంజనే. 796 సీసీ, మూడు సిలిండర్లు. మారుతి 800లోనూ దాదాపు ఇదే ఉండేది. 1984 నుంచి 2019 దాకా ఈ వ్యాన్లు తయారయ్యాయి. అందుకే రాణిగంజ్‌లో పిస్టన్లు, రింగులు, క్లచ్ ప్లేటు ఇప్పటికీ దొరుకుతాయి. ఇదే మెటాడోరో, మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సానో అయ్యుంటే, సామాను కోసం తుక్కు షెడ్ల వెంట తిరగడానికే నీ సెలవులు సరిపోయేవి. అప్పుడైతే వద్దనే చెప్పేవాణ్ని.

అట్లాగని వెంటనే సెల్ఫ్ కొట్టకు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి, ఒక రోజు వదిలేసి, చేత్తో తిప్పి చూడు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురై ఉంటుంది, దించి కడిగించు. పెట్రోలు పైపులు చూడ్డానికి బాగున్నా సరే, అన్నీ మార్పించు. ఇంజను ఉన్నది నువ్వు కూర్చునే సీటు కింద. అక్కడ పెట్రోలు కారితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

ఇక డబ్బు. గగన్‌పహాడ్, కాటేదాన్ వైపు తెలిసిన మేస్త్రీలను అడిగి అంచనా వేశాను. నేల, గుమ్మాల రేకు పనికి ముప్పై నలభై వేలు, రంగుకు మళ్లీ అంతే, ఇంజనుకు ముప్పై వేల చుట్టూ. బ్రేకులు, టైర్లు, రేడియేటరు, వైరింగు కలిపితే లక్షన్నరకు తగ్గదు. అంత పెట్టిన తర్వాత ఆ బండిని అమ్మబోతే సగం రావడం కూడా కష్టం. మీ నాన్న ‘కబాడీకి ఇచ్చెయ్’ అంటున్నది లెక్క తెలిసే. ఆయన మాట తప్పు కాదు. నీకు ఆ బండి కావాలన్నదీ తప్పు కాదు. కానీ దీన్ని పెట్టుబడి అనుకోకు. ఖర్చు అనుకుంటేనే చెయ్యి. అంచనా పైన ఇంకో ముప్పై వేలు తీసి పక్కన పెట్టుకో, ఆ సంగతి మేస్త్రీ చెవిన వెయ్యకు.

షెడ్డులో పెట్టిన పాత బండి పని ఎట్లా సాగుతుందో కూడా తెలుసుకో. యాక్సిడెంటైన కొత్త కారు ఒకటి రాగానే నీ బండిని గోడ పక్కకు నెడతారు. నెల అన్నది నాలుగు నెలలవుతుంది. అడ్వాన్సు మొత్తం ఇచ్చేశావా, ఇంకా ఎక్కువే. నేల పని అయ్యాక కొంత, ప్రైమరు కొట్టాక కొంత ఇవ్వు. పుట్టీ పెట్టకముందే వెళ్లి వెల్డింగ్ చూసుకో, పెట్టాక చూడ్డానికేమీ ఉండదు. సీఓటూ వెల్డింగ్ ఉన్న షెడ్డునే ఎంచుకో, ఆర్కు వెల్డింగ్ పెడితే అంత పల్చటి రేకుకు చిల్లులు పడతాయి. సామాను నువ్వే కొనివ్వు, తీసిన పాతవి అడిగి తెచ్చుకో.

ఒక్క చోట మాత్రం మేస్త్రీ దగ్గర కళ్లలో ఒత్తులేసుకొని కాపలా కాయాలి. చాసిస్ నంబరు గుద్దిన రేకును ఎవరూ కోయకూడదు, గ్రైండరు పెట్టకూడదు. రవాణా శాఖ వాళ్లు చూసేది ఆ అంకెలనే. అవి చెరిగితే లక్షన్నర పెట్టిన బండి దొంగబండి లెక్కన నిలబడుతుంది.

కాయితాల సంగతికొస్తే, బండి 1998లో ఏపీ 28 నంబరుతో రిజిస్టరైంది. 2013లో పదిహేనేళ్లు నిండితే మీ నాన్న ఐదేళ్లు పొడిగించాడు, 2018 తర్వాత వదిలేశాడు. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకు ఉన్న గోల మనకు లేదు, కానీ ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లు, వ్యాన్లకు కేంద్రం ఆ పొడిగింపు ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసింది. గడువు దాటినందుకు నెలకు ఇంత అని జరిమానా, రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు అన్నీ వేరే. షెడ్డుకు వెయ్యి రూపాయలు ఖర్చు చేసే ముందు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి మొత్తం బాకీ ఎంతో తెలుసుకో. అప్పటిదాకా బండిని తోలకు, షెడ్డుకు కూడా కట్టుకొనే తీసుకుపో. వింటేజ్ కింద రాయించుకుంటే సుళువని ఎవరో చెప్పారన్నావు. దానికి 2021 నిబంధన ప్రకారం యాభై ఏళ్లు నిండాలి. నీ బండికి 2048లో నిండుతాయి, నువ్వూ అప్పటికి రిటైర్మెంటు దగ్గరికొస్తావు.

సీట్లు తీసేసి మంచం, గ్యాసు పొయ్యి పెడతానన్నావు. రవాణా శాఖ అనుమతి లేకుండా బండి స్వరూపం మారిస్తే చట్టం ఒప్పుకోదు. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించాలి. తెల్ల నంబరు ప్లేటుతో డబ్బుకు ఎయిర్‌పోర్టు పికప్‌లు తిప్పినా చట్టం ఒప్పుకోదు. ఉన్న ఆకారం ఉన్నట్టే ఉంచి, వెనక సీటు మడిచి పరుపు వేసుకుంటే నువ్వు అనుకుంటున్న శ్రీశైలం ప్రయాణానికి చాలు. ఆ ప్రయాణం మీదే నీ మనసుంటే రంగు కన్నా రేడియేటరు, నీళ్ల పైపులు, బ్రేకులు ముందు చేయించు. ఆ అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తెరుస్తారు. అడవి మధ్యలో ఇంజను వేడెక్కి ఆగిపోతే ఫోటోలో మెరిసే రంగు నిన్ను బయటికి తీసుకురాదు.

పాత బండి మీద మోజు నాకూ తెలుసు. 1932లో నిజాం రైల్వే వాళ్లు రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు 27 బస్సులు నడిపారు. ఆనాటి ఆల్బియన్ బస్సుల్లో ఒకదాన్ని ఆర్టీసీ ఇంకా జాగ్రత్తగా దాచుకుంది. దాన్ని చూసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే దాని వెనక ఒక సంస్థ, వర్క్‌షాపు, జీతాలు తీసుకునే మనుషులు ఉన్నారు. నీకున్నది కార్గో ఉద్యోగంలో షిఫ్టు డ్యూటీ, ఒక జీతం. చూపుకు పెట్టుకునే బండి కావాలో, తిరిగే బండి కావాలో తేల్చుకో. తిరిగేదైతే మీ నాన్న స్టిక్కరు, గీతలు పడ్డ డోర్లు, చిరిగిన సీట్లు అట్లాగే ఉండనీ. తుప్పు, బ్రేకులు, పైపులు చూసుకో. రంగు ఖర్చు అక్కడే తగ్గుతుంది.

నేల మూడొంతుల దాకా గట్టిగా ఉంటే పని మొదలుపెట్టు. ముందు వైపు సస్పెన్షన్ బిగించే చోట్లు, వెనక కమాన్‌పట్టీలు పట్టుకునే చోట్లు తినేసి ఉంటే మాత్రం వదిలెయ్, ఇంకో గట్టి గూడున్న వ్యాను వెతుకుదాం. వచ్చే వారం నీకు నైట్ డ్యూటీ అయితే పగలు వస్తాను. జాకీ, రెండు స్టాండ్లు, పాత ఆర్సీ కార్డు సిద్ధంగా పెట్టు. మీ నాన్నను కూడా ఇంట్లోనే ఉండమను, నేల రేకు ఇదివరకు ఎక్కడెక్కడ అతికించాడో ఆయన్నే అడగాలి.

ఇట్లు,
మీ మామ