మోటరు తిరుగుతోందా? దూరం నుంచి తెలిసేదెట్లా?



మన శ్రీ సత్యసాయి జిల్లాలో వానలు తక్కువ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మల్బరీ తోటైనా, టమోటా చేనైనా చాలావరకు బోరు మీదనే ఆధారం. బోరు ఒకచోట, ఇల్లు ఇంకొకచోట. రాత్రిపూట కరెంటు ఇచ్చే రోజుల్లో మోటరు తిరుగుతోందో లేదో చూడడానికి మన నాయనలు టార్చిలైటు పట్టుకొని గట్ల మీద పోయేవాళ్లు. పాము కాటుకో, కరెంటు షాకుకో ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. అక్కడికి పోకుండానే తెలుసుకునే ఉపాయం స్టార్టర్ డబ్బాలోనే ఉంది. దాని పేరు ఆగ్జిలరీ కాంటాక్ట్. అంటే సహాయక కాంటాక్ట్.

స్టార్టర్ పనిచేసే విధానం

పచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్‌కు కరెంటు పోతుంది. కాయిల్ అయస్కాంతమై ఒక ఇనుప ముక్కను లాగుతుంది. దాంతో మూడు పెద్ద కాంటాక్టులు కలిసి, మూడు ఫేజులూ మోటరుకు అందుతాయి. ఆ ముక్కతోపాటే ఒక చిన్న కాంటాక్ట్ కూడా కలుస్తుంది. మనం బటన్ వదిలినా కాయిల్‌కు కరెంటు ఆగకుండా చూసేది ఇదే. ఎర్ర బటన్ నొక్కినా, కరెంటు పోయినా కాయిల్ వదిలేస్తుంది, అన్నీ విడిపోతాయి. అందుకే కరెంటు తిరిగి వచ్చినా మామూలు స్టార్టర్ తనంతట తాను మొదలు కాదు.

కబురు చెప్పే కాంటాక్టులు

ఇట్లాంటి చిన్న కాంటాక్టులనే ఇంకొన్ని అమర్చుకోవచ్చు. ఇవి రెండు రకాలు.

1. మోటరు ఆగినప్పుడు విడిగా ఉండి, స్టార్టర్ పడితే కలిసేది. దీని మీద సాధారణంగా 13, 14 అంకెలుంటాయి. దీనికి కలిపిన దీపం వెలిగితే 'ఆన్'.

2. ఆగినప్పుడు కలిసి ఉండి, స్టార్టర్ పడితే విడిపోయేది. సాధారణంగా 21, 22. దీని దీపం వెలిగితే 'ఆఫ్'.

ఓవర్‌లోడ్ రిలేకు కూడా 97, 98 అనే కాంటాక్ట్ ఉంటుంది. మోటరు ఎక్కువ కరెంటు లాగి ట్రిప్ అయితే అది కలిసి మూడో దీపాన్ని వెలిగిస్తుంది. దీపాల రంగులు ఒక్కోచోట ఒక్కో రకం. కాబట్టి రంగును నమ్మకుండా దీపం కింద పేరు రాసి పెట్టాలి.

పెద్ద పనుల్లోనూ ఇదే సూత్రం. పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి హంద్రీ–నీవా నీళ్లు మెట్టు మెట్టుగా ఎత్తిపోతలతో వస్తాయి. ఒకచోట పంపు ఆగితే తక్కినచోట్ల తెలియాలి కదా! సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టర్లు కూడా మోటరు ఆన్, ఆఫ్ సంగతిని ఫోనుకు పంపుతాయి.

దీపం చెప్పనిది

ఇది ముఖ్యం. దీపం వెలిగితే స్టార్టర్ పడిందని మాత్రమే అర్థం. నీళ్లు వస్తున్నాయని కాదు! కాయిల్‌ను రెండు ఫేజుల మధ్య కలిపి ఉంటే, మూడో ఫేజు పోయినా స్టార్టర్ పట్టుకునే ఉండవచ్చు. అప్పుడు మోటరు వేడెక్కి కాలిపోతుంది. రీవైండింగ్ ఖర్చు ఎంతో మన ఇండ్లలో అందరికీ తెలుసు. బోరులో నీళ్లు అయిపోయినా దీపం వెలుగుతూనే ఉంటుంది. అందుకే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, నీళ్లు లేకుంటే మోటరును ఆపే డ్రై రన్ రక్షణ కూడా ఉండాలి.

జాగ్రత్త!

దీపాలకు కరెంటు వేరే లైను నుంచి వస్తుంటే, మెయిన్ తీసినా ఆ తీగల్లో కరెంటు ఉంటుంది. అది తెలియక చెయ్యి పెడితే ప్రాణానికే ముప్పు. పిల్లలమెవరమూ డబ్బా తెరవరాదు. మన హాస్టల్ మోటరైనా సరే, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

ఆలోచించండి

1. ఆన్, ఆఫ్ దీపాలు రెండూ ఆరిపోతే కారణాలు ఏమేమి కావచ్చు?
2. ఆన్ దీపం ఒక్కటే పెడితే వచ్చే ఇబ్బంది ఏమిటి?

జవాబులు కాగితం మీద రాసి ఈ పత్రిక కింద అంటించండి.