ఆరోగ్యవతియైన గర్భిణికి పరీక్ష లెందుకు?

గర్భము వ్యాధి కాదు. అయినను నెలలు నిండునప్పటికి గర్భిణి దేహమున రక్తము ఇంచుమించు సగము పాలు పెరుగును. గుండెకు పని హెచ్చును.

"మా కోడలికి ఏనాడును తలనొప్పియైన ఎరుగము, పరీక్ష లెందుకు?" అని పెద్దలు ప్రశ్నించుట కలదు. అట్టి దృఢకాయురాలికిని, అందునను తొలిచూలు గర్భిణికి, 20 వారములు దాటిన పిమ్మట రక్తపుపోటు పెరుగవచ్చును. తొలుత ఏ బాధయు నుండదు. కొలిచి చూచిననే తెలియును. అది 140/90 చేరినచో ఉపేక్షింపరాదు. తీవ్రమైన తలనొప్పి, కన్నులు మసకలగుట, ముఖము, చేతులు ఉబ్బుట, కడుపు పైభాగమున నొప్పి కనిపించినచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైనచో మూర్ఛలు రావచ్చును. పల్లెలలో గుర్రపువాత మనునది ఇదియే. దయ్యము కాదు, భూతవైద్యునితో పని లేదు.

కాన్పు పిదప గర్భాశయము గట్టిగా ముడుచుకొనక రక్తస్రావ మగుట మరియొక అపాయము. ఇది ఎవరికి సంభవించునో ముందుగా చెప్పజాలము. కొలది గంటలలో ప్రాణము తీయగలదు. కావుననే ఆసుపత్రి కాన్పు మేలనుట.

2016వ సంవత్సరము నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు జరుగుచున్నవి. ఆ దినమున అత్తగారును వెంట వెళ్లుట మంచిది.