పాఠం 6 : ఎవరిని లెక్కించాలి? – సర్వే, ప్రతిచయనం, సగటు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు :

- ఒక సందేహాన్ని పరిశోధించదగిన ప్రశ్నగా మార్చగలుగుతారు.
- ప్రాథమిక, ద్వితీయ దత్తాంశాల మధ్య తేడా చెప్పగలుగుతారు.
- సమగ్రం, ప్రతిరూపం అంటే ఏమిటో వివరించి, చిన్న ఊరిలో ప్రతిరూపాన్ని ఎంపిక చేయగలుగుతారు.
- సగటు, మధ్యగతం, బాహుళకం కనుక్కోగలుగుతారు.
- రెండు శాతాలను పోల్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు తెలుసుకుంటారు.

6.1 పరిచయం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దక్షిణపు కొసన, పూర్వపు బస్తర్ ప్రాంతంలో, గొల్లపల్లి అనే ఊరు ఉంది. ఇది నేటి సుక్మా జిల్లాలోని కోంటా ప్రాంతానికి చెందినది. సుక్మా 2012లో దంతెవాడ నుంచి విడిపడి వేరే జిల్లా అయింది. గొల్లపల్లి పేరు వినగానే తెలుగు పేరని తెలుస్తుంది. తెలంగాణ సరిహద్దు ఇక్కడికి దూరం కాదు. ఈ ప్రాంతంలో దొర్ల, కోయ మాటలతో పాటు తెలుగు, హిందీ కూడా వినిపిస్తాయి.

ఈ అడవి ప్రాంతాన్ని ఎంతో కాలంగా బాధిస్తున్న జబ్బు మలేరియా. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. జబ్బు ఎలా వ్యాపిస్తుందో తెలిసి నూరేళ్లు దాటినా, "ఈ ఊరిలో ఎంతమందికి మలేరియా ఉంది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం నేటికీ సులభం కాదు. ఎవరిని లెక్కించాలి, ఎలా లెక్కించాలి అన్న విషయం తేల్చుకుంటే తప్ప ఆ జవాబు దొరకదు. పరిశోధనా పద్ధతులు, సాంఖ్యక శాస్త్రం మనకు నేర్పేది దీన్నే. సాంఘిక శాస్త్రాలలో ఏ విషయాన్ని పరిశీలించినా, అది చదువు కావచ్చు, వలస కావచ్చు, కూలిరేట్లు కావచ్చు, ఈ పద్ధతులే వర్తిస్తాయి.

6.2 సందేహం నుంచి ప్రశ్నకు

"ఈ ఊళ్లో జ్వరాలు ఎక్కువ" అనేది ఒక అభిప్రాయం. దీన్ని ఉన్నదున్నట్లుగా పరిశోధించలేం. ఎవరికి? ఎప్పుడు? దేనికంటే ఎక్కువ? ఈ మూడూ తేలాలి. "ఈ ఊరిలో నివసించే వారిలో, ఈ నెలలో రక్త పరీక్ష చేస్తే, నూటికి ఎంతమందిలో మలేరియా క్రిమి కనిపిస్తుంది?" అని అడిగితే అది పరిశోధించదగిన ప్రశ్న అవుతుంది.

మనం ముందుగా ఊహించుకుని, తరవాత నిజమో కాదో పరీక్షించే వాక్యాన్ని పరికల్పన అంటారు. "దోమతెరలో పడుకునే వారిలో మలేరియా తక్కువ" అనేది ఒక పరికల్పన. పరీక్షలో అది తప్పని తేలవచ్చు కూడా. తప్పని తేలడానికి ఏ మాత్రం అవకాశం లేని వాక్యం పరికల్పన కాదు.

6.3 దత్తాంశాలు ఎక్కడ దొరుకుతాయి?

పరిశోధకుడు తన ప్రశ్న కోసం స్వయంగా సేకరించిన వివరాలు ప్రాథమిక దత్తాంశాలు. ఇతరులు మరో పని కోసం రాసి ఉంచిన వాటిని వాడుకుంటే అవి ద్వితీయ దత్తాంశాలు. జనాభా లెక్కలు, ఆసుపత్రి రిజిస్టర్లు, బడి హాజరుపట్టీలు, కోర్టు కాగితాలు రెండో రకానికి చెందుతాయి.

బస్తర్‌లోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. వెరియర్ ఎల్విన్ 1943లో మాడియా గిరిజనుల హత్యలు, ఆత్మహత్యల గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో ఆయన నూరు హత్య కేసుల వివరాలను పరిశీలించాడు. ఇలాంటి రికార్డులు విలువైనవే. కానీ కోర్టుదాకా రాని సంగతులు కోర్టు కాగితాల్లో ఉండవు. ఆసుపత్రి రిజిస్టరుకూ ఇదే పరిమితి ఉంది. అందులో ఉండేది ఆసుపత్రికి వచ్చినవారి లెక్కే కాని, ఊరి లెక్క కాదు.

ఈ తేడాను ఒక చిన్న లెక్కతో చూద్దాం. (ఇవి అభ్యాసం కోసం వేసుకున్న అంకెలు, నిజమైన ఊరివి కావు.) ఒక ఊరిలో 600 మంది ఉన్నారు. ఒక నెలలో 30 మంది జ్వరంతో ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. వారిలో 12 మందికి మలేరియా ఉన్నట్లు తేలింది.

30 మందిలో 12 అంటే 40 శాతం. ఊరిలో నూటికి 40 మందికి మలేరియా ఉందని చెప్పవచ్చా? చెప్పకూడదు. వచ్చినవారంతా జ్వరంతోనే వచ్చారు. పోనీ, 600 మందిలో 12, అంటే 2 శాతమే అనవచ్చా? అదీ సరికాదు. మిగిలిన 570 మందిని ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించకపోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే పత్రికల్లో కనిపించే చాలా అంకెలను మీరు సరిగా చదవగలుగుతారు.

6.4 సమగ్రం, ప్రతిరూపం

మనం ఎవరి గురించి తెలుసుకోవాలనుకుంటున్నామో వారందరినీ కలిపి సమగ్రం అంటారు. అందరినీ పరిశీలించడం సాధ్యం కానప్పుడు వారిలో కొందరిని ఎంచుకుంటాం. ఆ కొందరు ప్రతిరూపం. ఎంచుకునే పని ప్రతిచయనం. అన్నం ఉడికిందో లేదో ఒకటి రెండు మెతుకులు పట్టి చూస్తాం కదా! అయితే గిన్నెలో ఒక మూలే ఉడికి, మరో మూల ఉడకకపోతే ఆ మెతుకులు మనల్ని మోసం చేస్తాయి.

ప్రతిచయనానికి ముందు ఇళ్ల జాబితా కావాలి. ఇక్కడే మొదటి ప్రమాదం ఉంది. కోంటా ప్రాంతంలో 2005 తరవాత సల్వాజుడుం కాలపు హింస వల్ల ఎన్నో కుటుంబాలు ఊళ్లు విడిచాయి. చాలామంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. ఇలాంటి చోట పాత జాబితా పట్టుకుని వెళితే, జాబితాలో ఉన్న ఇల్లు ఊళ్లో ఉండదు; ఊళ్లో ఉన్న ఇల్లు జాబితాలో ఉండదు. జాబితాలో లేనివారు లెక్కలోకి రారు. ఆ లెక్క ప్రకారం దోమతెరలు, మందులు పంపితే అవి వారికి చేరవు. కాబట్టి సర్వే చేసేవారు ముందు ఊరంతా తిరిగి, చేతితో పటం గీసి, ఇళ్లకు కొత్త నంబర్లు వేసుకోవాలి.

ఆ తరవాత ఈ కింది పద్ధతుల్లో ఒకదాన్ని అనుసరించవచ్చు.

(అ) సరళ యాదృచ్ఛిక పద్ధతి : ఇళ్ల నంబర్లన్నీ చీటీలపై రాసి, కలిపి, కావలసినన్ని తీయాలి. ప్రతి ఇంటికీ సమాన అవకాశం ఉంటుంది.

(ఆ) క్రమబద్ధ పద్ధతి : 120 ఇళ్లలో 24 కావాలనుకోండి. 120ని 24తో భాగిస్తే 5 వస్తుంది. 1 నుంచి 5 వరకు చీటీలు వేసి ఒకటి తీయాలి. 3 వస్తే 3, 8, 13, 18... ఇలా ప్రతి అయిదో ఇంటినీ తీసుకోవాలి.

(ఇ) స్తరిత పద్ధతి : బస్తర్ ఊళ్లు ఒకే చోట గుమిగూడి ఉండవు. పారాలు, అంటే గూడేలు, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. మూడు గూడేల్లో వరుసగా 60, 40, 20 ఇళ్లు ఉంటే, ప్రతి గూడెం నుంచి అయిదో వంతు, అంటే 12, 8, 4 ఇళ్లు తీసుకోవాలి. వాగు అవతలి చిన్న గూడెం తప్పిపోకుండా ఈ పద్ధతి కాపాడుతుంది.

రోడ్డు పక్కన ఉన్నాయని మొదటి 24 ఇళ్లే చూసి వస్తే అది ప్రతిరూపం అనిపించుకోదు. ఆరోగ్య కార్యకర్త వెళ్లడానికి కష్టమైన ఇంట్లోనే జబ్బు ఎక్కువగా ఉండవచ్చు.

ఎక్కువమందిని అడిగితే ఈ దోషం పోతుందా? పోదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ భారీ ఆధిక్యంతో గెలిచాడు. పత్రిక వాడిన పేర్లు ఎక్కువగా టెలిఫోను, కారు ఉన్నవారి జాబితాలవి. పైగా జవాబు పంపినవారు అందులో కొందరే. ఎంపికలో ఉన్న పక్షపాతాన్ని సంఖ్య సరిదిద్దలేదు.

ఇప్పుడు మన అభ్యాసపు ఊరికి తిరిగి వద్దాం. స్తరిత పద్ధతిలో తీసిన 24 ఇళ్లలో 120 మందికి రక్త పరీక్ష చేశారు. 9 మందికి మలేరియా ఉంది. అందులో 5గురికి జ్వరమే లేదు. 120లో 9 అంటే 7.5 శాతం. ఈ లెక్కన 600 మందిలో దాదాపు 45 మందికి జబ్బు ఉండవచ్చు. ఇది అంచనా మాత్రమే. వేరే 24 ఇళ్లు వస్తే సంఖ్య కొంచెం మారుతుంది. ఈ తేడాను ప్రతిచయన దోషం అంటారు. అయినా రిజిస్టరులోని 12 కంటే ఈ 45 నిజానికి దగ్గరగా ఉంటుంది.

---

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. బడి హాజరుపట్టీ నుంచి తీసుకున్న వివరాలు ఏ రకం దత్తాంశాలు?
2. 200 ఇళ్లలో 25 ఇళ్లను క్రమబద్ధ పద్ధతిలో ఎంచుకోవాలి. ఎన్నో ఇంటికి ఒకటి తీయాలి? మొదటి చీటీలో 6 వస్తే తరవాతి మూడు ఇళ్లేవి?
3. మూడు గూడేల్లో 50, 30, 20 ఇళ్లున్నాయి. 10 ఇళ్ల స్తరిత ప్రతిరూపంలో ఏ గూడెం నుంచి ఎన్ని ఇళ్లు వస్తాయి?

---

6.5 అడిగే తీరు

ప్రశ్న తప్పుగా ఉంటే జవాబు సరిగా రాదు. ఈ రెండింటినీ పోల్చండి.

"మీరు దోమతెర కట్టుకుంటున్నారు కదా?"

"నిన్న రాత్రి మీ ఇంట్లో ఎంతమంది పడుకున్నారు? వారిలో ఎంతమంది దోమతెరలో పడుకున్నారు?"

మొదటి ప్రశ్న జవాబును నోటికి అందిస్తోంది. మర్యాద కోసమైనా "ఆఁ" అంటారు. రెండోది జరిగిన సంగతిని, దగ్గరి కాలాన్ని అడుగుతోంది. లెక్క కూడా దొరుకుతుంది.

భాష సంగతి కూడా మరవకూడదు. ఇంట్లో దొర్ల మాట్లాడే ముసలమ్మను పుస్తక భాషలో అడిగితే ఆమెకు అర్థమైంది ఒకటి, మనం రాసుకునేది మరొకటి అవుతుంది. ఆ మాట తెలిసినవారే అడగాలి. ముందు అయిదారు ఇళ్లలో ప్రశ్నావళిని ప్రయత్నించి, తడబడిన ప్రశ్నలను సరిచేసుకోవాలి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది అనుమతి. దశాబ్దాల పాటు హింస చూసిన ప్రాంతంలో పేర్లు రాసుకునే మనిషిని చూస్తే భయం కలగడం సహజం. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పాలి. ఇష్టం లేనివారిని వదిలిపెట్టాలి. అవసరం లేని చోట పేరు రాయకూడదు. రక్త పరీక్షలో జబ్బు బయటపడితే మందు అందే ఏర్పాటు ఉండాలి. జబ్బు ఉందని రాసుకుని వెళ్లిపోవడం పరిశోధన కాదు.

6.6 సగటు, మధ్యగతం, బాహుళకం

జ్వరం వచ్చాక ఎన్ని రోజులకు పరీక్ష చేయించుకున్నారని ఏడుగురిని అడిగితే వచ్చిన జవాబులు ఇవి అనుకోండి : 3, 1, 19, 3, 4, 2, 3.

సగటు : అన్నిటినీ కూడితే 35. ఏడుతో భాగిస్తే 5 రోజులు.

మధ్యగతం : చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చాలి : 1, 2, 3, 3, 3, 4, 19. నడుమ ఉన్నది 3 రోజులు.

బాహుళకం : ఎక్కువసార్లు వచ్చిన విలువ 3 రోజులు.

ఏడుగురిలో ఆరుగురు 5 రోజులకంటే ముందే వచ్చారు. అయినా సగటు 5 అయింది. ఒక్క 19 దాన్ని పైకి లాగింది. ఇలా ఒకటి రెండు విలువలు మిగతావాటికి చాలా దూరంగా ఉన్నప్పుడు మధ్యగతం మంచి సూచిక. అయితే ఆ 19ని కొట్టిపారేయకూడదు. 19 రోజులు ఆగిన మనిషి ఎందుకు ఆగాడు? వాగు పొంగిందా? దారి లేదా? అంకెలు చూపిన చోటికి వెళ్లి అడగవలసిన ప్రశ్న ఇది.

6.7 శాతాలను పోల్చడం

ఇక నిజమైన అంకెలు చూద్దాం. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం "మలేరియా ముక్త్ బస్తర్" అనే కార్యక్రమం ప్రారంభించింది. ఆరోగ్య కార్యకర్తలు, మితానిన్లు ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా రక్త పరీక్ష చేసి, జబ్బు ఉన్నవారికి మందు ఇచ్చారు. మితానిన్లు అంటే ఆ రాష్ట్రంలో 2002 నుంచి పనిచేస్తున్న ఊరి ఆరోగ్య కార్యకర్తలు.

ప్రభుత్వం ప్రకటించిన ఫలితాలు ఇవి :

- మొదటి విడత (2020 జనవరి – ఫిబ్రవరి) : పరీక్షలు 14.06 లక్షలు, మలేరియా ఉన్నవారు 64,646.
- రెండో విడత (2020 జూన్ – జూలై) : పరీక్షలు 23.75 లక్షలు, మలేరియా ఉన్నవారు 30,076.

శాతాలు కనుక్కుందాం.

మొదటి విడత : 64,646 ÷ 14,06,000 × 100 = 4.6 శాతం
రెండో విడత : 30,076 ÷ 23,75,000 × 100 = 1.27 శాతం

మొదటి విడతలో జబ్బు బయటపడినవారిలో సగానికి పైగా మందికి ఏ లక్షణాలూ లేవు. వారు తమంతట తాము ఆసుపత్రికి వెళ్లేవారు కారు. దోమలు మాత్రం వారి నుంచి జబ్బును ఇతరులకు చేరవేస్తూనే ఉండేవి. ఇంటింటి లెక్క విలువ ఇందులోనే ఉంది.

మరి 4.6 నుంచి 1.27కి దిగింది కాబట్టి మలేరియా అంతే తగ్గిందని అనవచ్చా? తొందరపడకూడదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకే జనమేనా? రెండో విడతలో 9 లక్షలకు పైగా ఎక్కువమందిని పరీక్షించారు. కొత్తగా చేరిన ఊళ్లలో మొదటి నుంచీ జబ్బు తక్కువైతే, ఎవరికీ నయం కాకపోయినా శాతం పడిపోతుంది.

ఒకే కాలమేనా? మొదటిది చలికాలం, రెండోది వానల మొదలు. వానలకు దోమలు పెరుగుతాయి. కాబట్టి ఈ తగ్గుదలకు రుతువే కారణమని అనడం కష్టం.

ఒకే కొలతేనా? రెండుసార్లూ ఒకే రకం పరీక్ష, ఒకే జాగ్రత్తతో చేసి ఉండాలి.

మొదటి ప్రశ్నకు సరైన జవాబు కావాలంటే, రెండు విడతల్లోనూ పరీక్షించిన ఊళ్లను మాత్రమే వేరుచేసి పోల్చాలి. కార్యక్రమం మంచిదా కాదా అని వాదించే ముందు చేయవలసిన పని ఇది.

ఇంకొక్క మాట. 4.6 నుంచి 1.27కి తగ్గడాన్ని "3.33 శాతం తగ్గింది" అనకూడదు. తేడా 3.33 శాత బిందువులు. మొదటి విలువతో పోలిస్తే తగ్గుదల 3.33 ÷ 4.6 × 100, అంటే దాదాపు 72 శాతం.

---

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

4. 2, 5, 4, 30, 4 – ఈ విలువల సగటు, మధ్యగతం, బాహుళకం కనుక్కోండి.
5. ఒక ఊరిలో బడి మానేసినవారు 20 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు. ఎన్ని శాత బిందువులు? ఎంత శాతం తగ్గుదల?

---

6.8 సారాంశం

పరిశోధన స్పష్టమైన ప్రశ్నతో మొదలవుతుంది. రికార్డులు ఉపయోగపడతాయి కాని, వాటిలోకి రానివారి గురించి అవి ఏమీ చెప్పవు. ప్రతిరూపం చిన్నదైనా, అందరికీ అవకాశం ఇచ్చి ఎంచుకుంటే మంచి అంచనా వస్తుంది. సగటుతో పాటు మధ్యగతం చూడాలి. శాతం చూడగానే "ఎంతమందిలో?" అని అడగాలి. లెక్కలోకి రానివారికి మందు కూడా రాదు. అందుకే ఎవరిని లెక్కించాలన్నది ప్రజల మంచిచెడ్డలకు సంబంధించిన విషయం.

పాఠాంత ప్రశ్నలు

1. సమగ్రం, ప్రతిరూపం – తేడాలు రాయండి.
2. ఆసుపత్రి రిజిస్టరు ఆధారంగా ఊరి ఆరోగ్యాన్ని అంచనా వేయడంలో ఇబ్బందులేమిటి?
3. మీ వీధిలో ఇళ్ల జాబితా తయారుచేసి, 10 ఇళ్లను క్రమబద్ధ పద్ధతిలో ఎంచుకోండి. నిన్న రాత్రి ఎంతమంది దోమతెరలో పడుకున్నారో అడిగి, శాతం కనుక్కోండి. జాబితాలో మీరు మొదట మరచిపోయిన ఇల్లు ఏదో, ఎందుకు మరచిపోయారో రాయండి.

జవాబులు

1. ద్వితీయ దత్తాంశాలు.
2. ఎనిమిదో ఇంటికి ఒకటి. 14, 22, 30.
3. 5, 3, 2.
4. సగటు 9, మధ్యగతం 4, బాహుళకం 4.
5. 5 శాత బిందువులు. 25 శాతం తగ్గుదల.