సంఘములో బిడ్డ పలుకు

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 3:1–18, 2 రాజులు 5:1–14

బాలల ఆదివారము దగ్గరపడగానే ఆదివారపు బడి ఉపాధ్యాయుడు ఎనిమిదేండ్ల బిడ్డ చేతికొక చీటి ఇచ్చును. అందులో “సమూయేలు పిలుపు, మూడు నిమిషములు” అని మాత్రముండును. ఆ చీటి ఇల్లు చేరిన దినమునుండి అనేక గృహములలో పని బిడ్డది కాదు, తండ్రిది. ఆయన పాత వార్షిక సంచికలు తిరుగవేసి, రెండు పుటల ప్రసంగము వ్రాసి, కంఠత పట్టుమని చేతికిచ్చును. ఆదివారమున ఆ బిడ్డ ఊపిరి తీసికొనక ఒప్పగించును. సంఘము సంతోషించును. వెలుపలికి వచ్చిన పిమ్మట ఎవరైన నొకరు “నీవు చెప్పినదేమమ్మా?” అని అడిగినయెడల మాత్రము ఆ బిడ్డయొద్ద జవాబుండదు.

ఈ చిక్కు తెలుగు దేశమునందు కొంత కప్పబడియుండును. కలకత్తావంటి నగరమున బట్టబయలగును. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి గంజాము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు జీవనాధారమునకై హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు వెళ్లిరి. బెంగాల్ నాగపూర్ రైల్వే మరికొందరిని ఖరగ్‌పూరునకును, ఆ రైల్వే ముఖ్య కార్యాలయమున్న గార్డెన్ రీచ్‌కును చేర్చెను. నగరము పేరు 2001లో కోల్‌కతాగా మారినను, ఆ కుటుంబముల నోట అది నేటికిని కలకత్తాయే. అట్టి కుటుంబములలో మూడవ నాలుగవ తరపు బిడ్డ బడిలో ఇంగ్లీషు, వీధిలో బెంగాలీ, హిందీ మాటలాడును. ఇంటిలో అమ్మమ్మతో తెలుగు మాటలాడునుగాని తెలుగు అక్షరములు ఎరుగదు. అయినను ఆ బిడ్డ ఆదివారమున తెలుగు ఆరాధనలో నిలిచి తెలుగులో మాటలాడవలెను.

తండ్రి అప్పుడు తాను వ్రాసిన ప్రసంగమును ఇంగ్లీషు అక్షరములలోనో బెంగాలీ అక్షరములలోనో దింపి ఇచ్చును. ఇక్కడ చిన్న విషయమొకటి గమనింపదగినది. ఇంగ్లీషు అక్షరములలో “మాట” అనునదియు “మాత” అనునదియు ఒక్కతీరుగనే కనబడును. “దేవుని మాట” అని పలుకవలసిన బిడ్డ “దేవుని మాత” అని పలికినయెడల ప్రొటెస్టెంటు సంఘమున పెద్దలు ఒకరి ముఖమొకరు చూచుకొందురు! బెంగాలీ లిపిలోనైతే వకారము బకారమగును. “వాక్యము” “బాక్యము”గా వినవచ్చును. వెనుక వరుసలలోని పిల్లలు నవ్వుదురు. ఆ నవ్వు విన్న బిడ్డ మరుసటి సంవత్సరము వేదిక ఎక్కుటకు నిరాకరించును. తరువాత కొంతకాలమునకు తెలుగు ఆరాధనకే రానొల్లదు. పొరపాటు బిడ్డ నాలుకది కాదు. తనవికాని మాటలను, తాను చదువలేని భాషలో, తన నోట పెట్టుటవలన వచ్చినది.

దేవాలయములో బాలుడు మాటలాడుటకు పెద్దవాడొకడు సహాయము చేసిన సందర్భము లేఖనములలో స్పష్టముగ ఉన్నది. ఆ పెద్దవాడు ఏలీ. యాజకుడుగా అతనికి మంచి పేరు మిగులలేదు. తన కుమారులను అదుపుచేయలేకపోయెను. అయినను ఈ ఒక్క పనిలో అతడు తలిదండ్రులకు గురువు కాదగినవాడు. సమూయేలు వయస్సు లేఖనము చెప్పదు. యూదు చరిత్రకారుడైన జోసీఫస్ పండ్రెండేండ్లని వ్రాసెను. బాలుడు రాత్రివేళ రెండుసార్లు పరుగెత్తి రాగా, పిలువలేదు పోయి పండుకొనుమని ఏలీ పంపివేసెను. మూడవసారి వచ్చినప్పుడు గాని పిలుచుచున్నవాడెవడో అతనికి తోచలేదు (3:8). తోచిన పిమ్మట అతడు చేసినది బహు స్వల్పము. బాలుని వెంట వెళ్లలేదు, ప్రక్కన నిలువలేదు, దేవునితో తానే మాటలాడలేదు. ఒకే ఒక్క వాక్యము నేర్పి, తిరిగి వెళ్లి పండుకొనుమనెను.

ఆ వాక్యము విషయములో ఒక సంగతిని చాలమంది చదువరులు దాటిపోవుదురు. ఏలీ నేర్పిన వాక్యములో “యెహోవా” అను సంబోధన ఉన్నది (3:9). సమూయేలు పలికిన వాక్యములో అది లేదు (3:10). రెండు వచనములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినయెడల ఇది కనబడును. భయముచేత మరచెనా, ఆ నామమును ఉచ్చరించుటకు వెనుదీసెనా అని వ్యాఖ్యాతలు చర్చింతురు. అతడింకను యెహోవాను ఎరుగకుండెనని ఏడవ వచనము చెప్పుచున్నది గనుక, తెలియని పేరును నోట పలుకలేకపోయెననుట సహజముగ తోచును. కారణమేదైనను, మాట ఒకటి జారినదని దేవుడు బాలుని ఆపలేదు. సరిగా చెప్పుమని మరల చెప్పించలేదు. తాను చెప్పదలచినది చెప్పెను. మన బాలల కార్యక్రమములలో మొదటి వరుసనుండి మాట అందించుటకు తొందరపడువారు ఈ రెండు వచనములను శ్రద్ధతో చదువుట మంచిది.

నయమాను ఇంటి చిన్నది చెప్పినది ఇంకను కొద్ది. యుద్ధములో చెరపట్టబడి, పరాయి ఇంట పరిచారము చేయుచు, ఆమె తన యజమానురాలితో పలికినది ఒక్క మాట: షోమ్రోనులోని ప్రవక్తయొద్ద ఆయన ఉండినయెడల బాగుపడునని ఆమె అనుకొనెను (2 రాజులు 5:3). ఆ ఇంటిలో ఆమె ఏ భాషలో మాటలాడెనో గ్రంథము చెప్పదు. ఎంత చక్కగా మాటలాడెనో అదియు చెప్పదు. అయితే హెబ్రీ మూలమునందు ఆమెను “నఅరా కెటన్నా”, అనగా చిన్న బాలిక అనియు, స్వస్థుడైన నయమాను శరీరము “నఅర్ కాటోన్”, అనగా చిన్న బాలుని దేహమువలె ఆయెననియు వ్రాయబడినది (5:2, 14). కథ మొదటి పదజంటయే చివర మరల వచ్చుచున్నది. మహా సేనాధిపతి ఆ చిన్నదాని పోలికలోనికి వచ్చెను. తెలుగు అనువాదమున ఈ పొందిక అంతగా కనబడదు గనుక ఇక్కడ చెప్పవలసివచ్చినది.

ఇంతమాత్రముచేత కంఠతపాఠము వ్యర్థమని తలంపరాదు. మత్తయి 21వ అధ్యాయములో దేవాలయమునందు పిల్లలు వేసిన కేక, మార్గమున జనసమూహము వేసిన కేకయే (21:9, 15). పిల్లలు పెద్దలయొద్ద విని పలికిరి. ప్రభువు దానిని అంగీకరించి, వారి పక్షముగా ఎనిమిదవ కీర్తనను ఎత్తి చూపెను. కావున ఒక వచనమును కంఠత పట్టించుట మేలే. అది బిడ్డకు జీవితకాలపు ఆస్తి. వచనమును కంఠత పట్టించుట వేరు. తండ్రి అభిప్రాయములను కంఠత పట్టించుట వేరు.

పరభాషా ప్రాంతమున పెరుగుట బిడ్డకు లోటని కలకత్తాలోని తలిదండ్రులు దుఃఖించుట కలదు. ఆ నగరమునకు కొంత ఉత్తరముగా, టిటాగఢ్ మిల్లులకు దాదాపు ఎదురుగా, హుగ్లీ ఆవలి ఒడ్డున శ్రీరాంపురమున్నది. విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి 1812 మార్చి 11న అక్కడి ముద్రణాలయమున చెలరేగిన అగ్నిలో కాలిపోయెను. ఆయన దానిని మరల వ్రాసి 1814లో ప్రకటించెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడ అచ్చయ్యెను. ఈ సంగతులు చాలమందికి తెలిసినవే. ఆయన కుమారుల సంగతి అంతగా తెలియదు. పెద్దవాడైన ఫెలిక్స్ ఏడేండ్ల ప్రాయమున బెంగాలు చేరెను. తండ్రి పుస్తకములతో, పండితులతో నేర్చిన భాషను ఆ బాలుడు చుట్టుప్రక్కలవారితో కలిసి పెరుగుచు నేర్చెను. 1800 డిసెంబరు 28న కృష్ణ పాల్‌తో కూడ హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందెను. 1803లో శ్రీరాంపురమున ఆదివారపు బడి ఆరంభించినవారు ఫెలిక్స్, అతని తమ్ముడు విలియం, వారి స్నేహితుడు జాన్ ఫెర్నాండెజ్ అను యౌవనులే. ఫెలిక్స్‌కు అప్పటికి పదునేడేండ్లు నిండలేదు. గ్లాస్టరులో రాబర్ట్ రెయిక్స్ ఆదివారపు బడి పెట్టి అప్పటికి ఇరువదిమూడేండ్లు మాత్రమే అయినది. వీధిలో నేర్చిన భాష దేవుని పనికి అడ్డురాలేదని ఫెలిక్స్ జీవితము చూపుచున్నది. తరువాత అతడు బెంగాలీలో శరీరశాస్త్ర గ్రంథమును కూడ వ్రాసెను.

ఇక సిద్ధపాటు. మూడు వారములు ముందుగ మొదలుపెట్టవలెను. మొదటి వారము వ్రాతపని ఏమియు వద్దు. తల్లియో తండ్రియో అధ్యాయమును తెలుగులో నెమ్మదిగా, బిగ్గరగా చదువవలెను. అమ్మమ్మ చదివిన మరింత మేలు. పిమ్మట బిడ్డ ఆ కథను తిరిగి చెప్పవలెను, ఏ భాషలోనైనను సరే. బెంగాలీ మాటలు కలిసినను ఆపరాదు. “దేవుడు పిలిస్తే ఏలీ తాత పిలిచాడనుకొని పరిగెత్తాడు, పాపం నిద్ర లేదు” అని బిడ్డ అనవచ్చును. ఆ “పాపం నిద్ర లేదు” అనునది ఏ వ్యాఖ్యానమునందును దొరకదు. పెద్దవారు దానిని ఉన్నదున్నట్లు కాగితముమీద వ్రాసికొనవలెను. “మూడుసార్లు లేపితే నీకు కోపము వచ్చునా?” “ఏలీకి చెప్పుటకు తెల్లవారి అతడెందుకు భయపడెను?” ఇట్టి ప్రశ్నలు రెండు మూడు చాలును. జవాబులనుకూడ వ్రాసికొనవలెను.

రెండవ వారము ఆ మాటలలోనుండి పది పండ్రెండు వాక్యములు ఏరవలెను. ఎనిమిదేండ్ల బిడ్డకు అంతకుమించి వద్దు. మూడు నిమిషములని చీటిలో ఉన్నను రెండు నిమిషములలో ముగించినందుకు ఎవరును బాధపడరు. బెంగాలీ మాట ఉన్నచోట ఇంటిలో వాడుకలోనున్న తెలుగు మాట పెట్టవలెనుగాని గ్రాంథిక పదము పెట్టరాదు. “ఆలకించుచున్నాడు” అని బైబిలులో ఉన్నది, అది వచనములో అట్లే ఉండనిండు. బిడ్డ సొంత వాక్యములో “వింటున్నాను” అనుటయే తగును. కాగితమును కంఠత పట్టింపక, నాలుగు చిన్న బొమ్మలు బిడ్డచేతనే వేయింపవలెను: దీపము, పరుగెత్తు బాలుడు, పండుకొన్న ఏలీ, తెల్లవారి తెరచిన తలుపులు. ఏ లిపియు రాని బిడ్డయైనను బొమ్మలను చదువగలదు. వరుస తప్పదు.

మూడవ వారము శనివారమున దేవాలయమునకు తీసికొనిపోయి, ఖాళీ బల్లల యెదుట నిలువబెట్టవలెను. మైకు ఎత్తు బిడ్డకు సరిపోవునో లేదో, పీట అవసరమో కాదో అప్పుడే చూడవలెను. తల్లి చివరి వరుసలో కూర్చుండి వినవలెను. మరచినయెడల మాటలు అందించుటకు మారుగా “తరువాత ఏమైనది?” అని ఒక్క ప్రశ్న వేయుదునని ముందుగనే బిడ్డతో ఒప్పందము చేసికొనవలెను. కథ తెలిసిన బిడ్డకు ఆ ప్రశ్న చాలును. ఒప్పగింపు నేర్చిన బిడ్డకు అది చాలదు. తేడా అక్కడ తెలియును.

ఒక చిక్కు మిగిలియున్నది. బిడ్డ చెప్పిన మాటలలో “ఏలీ తాత తన కొడుకులను ఎందుకు ఆపలేదు?” అన్న ప్రశ్న ఉండవచ్చును. మొదటి వరుసలో సంఘ పెద్దలు కూర్చుందురు గనుక తండ్రి ఆ వాక్యమును కొట్టివేయ చూచును. కొట్టివేయరాదు. తనకును తన ఇంటికిని వ్యతిరేకమైన వార్త బాలుని నోట ఉన్నదని ఏలీ శంకింపకపోలేదు. అయినను దాచవద్దని గట్టిగా అడిగి (3:17), అంతయు విని, అది యెహోవా మాటయని ఒప్పుకొనెను. బాలుని గద్దింపలేదు. పెద్దలలో ఒకరు ఆరాధన ముగిసిన పిమ్మట ఆ బిడ్డ ప్రక్కన బల్లమీద కూర్చుండి, “నీవడిగిన ప్రశ్నకు నీకేమి తోచుచున్నది, తల్లీ?” అని అడిగినయెడల, ఆ బిడ్డ చెప్పబోవునది వినుటకు కొంచెము తీరిక చేసికొనియుండవలెను, అది రెండు నిమిషములలో ముగియునది కాదు.