కేసు కొట్టేసినా పరిహారం అడగొచ్చు
(లైంగిక దాడి బాధిత మహిళలకు పరిహార పథకం: నర్సీపట్నం డివిజన్, పక్క మన్యం మండలాల వారికి)

"ముద్దాయికి శిక్ష పడలేదు కదా, ఇక మనకేం వస్తుంది?" అని చాలామంది దరఖాస్తు పెట్టకుండానే ఊరుకుంటున్నారు. ఇది తప్పు. ఈ డబ్బు ముద్దాయి ఇచ్చేది కాదు, ప్రభుత్వం ఇచ్చేది. ముద్దాయి ఎవరో తెలియకపోయినా, దొరక్కపోయినా, కోర్టు విడుదల చేసినా మీరు అడగొచ్చు. చట్టంలో ఇది ఉంది. పాత సీఆర్పీసీలో సెక్షన్ 357ఏ, 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 396.

మన పక్కనే జరిగింది చూడండి. జి.మాడుగుల మండలం వాకపల్లిలో 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు గిరిజన మహిళలు ఫిర్యాదు చేశారు. కేసు హైకోర్టుకి, సుప్రీంకోర్టుకి వెళ్లి, విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో తీర్పు వచ్చేసరికి 2023 ఏప్రిల్ అయింది. అంటే పదిహేనేళ్లు దాటింది. పోలీసులంతా నిర్దోషులుగా విడుదలయ్యారు. కానీ అదే తీర్పులో, దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ, ఆ మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. దర్యాప్తు చేసినవాళ్ల లోపానికి బాధితులు నష్టపోకూడదన్నది ఇందులో మనం పట్టుకోవాల్సిన మాట.

ఎంత వస్తుంది? 2018 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నాల్సా పథకం ప్రకారం అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయలు, సామూహిక అత్యాచారానికి 5 లక్షల నుంచి 10 లక్షలు. బాధితురాలు మైనరైతే దీనికి 50 శాతం ఎక్కువ. మొత్తం ఒకేసారి చేతికి రాదు. 75 శాతం కనీసం 3 ఏళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, 25 శాతం వెంటనే వాడుకోవచ్చు. చదువుకో వైద్యానికో అవసరమైతే డిపాజిట్ నుంచి తీసుకోవడానికి అనుమతి అడగొచ్చు.

ఎస్సీ, ఎస్టీ మహిళలకు అట్రాసిటీ చట్టం కింద జిల్లా యంత్రాంగం ఇచ్చే సాయం వేరే ఉంది. అందులో సగం వైద్య పరీక్ష నివేదిక రాగానే, పావు భాగం ఛార్జిషీటు కోర్టుకి వెళ్లాక, మిగతా పావు విచారణ ముగిశాక ఇస్తారు. అక్కడ తీసుకున్న సంగతి ఇక్కడ దరఖాస్తులో తప్పకుండా రాయండి. దాచితే తర్వాత చిక్కు.

దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి? నర్సీపట్నం కోర్టు ఆవరణలో మండల న్యాయసేవాధికార కమిటీని అడగండి. విశాఖపట్నంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు నేరుగా కూడా ఇవ్వొచ్చు. సఖి వన్ స్టాప్ సెంటర్‌లో కూడా రాయించుకోవచ్చు. లాయరుకి రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు, మహిళలందరికీ న్యాయసహాయం ఉచితం. ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు, ఆధార్, మీ ఒక్కరి పేరు మీదున్న బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు పెట్టండి. ఉమ్మడి ఖాతా ఇవ్వకండి. డబ్బు ఎవరి చేతికి పోతుందో మీకు తెలుసు. కేసు అయిపోయి ఉంటే తీర్పు కాపీ కూడా పెట్టండి. దరఖాస్తు ఇచ్చినట్టు తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి, ఎందుకంటే 60 రోజుల్లో విచారణ పూర్తి చేయాలన్న లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. ఈలోగా ఖర్చులకు మధ్యంతర సాయం కావాలని అదే కాగితంలో రాయండి.

గడువు: ఘటన జరిగిన తేదీ నుంచి గానీ, కోర్టు విచారణ ముగిసిన తేదీ నుంచి గానీ 3 ఏళ్లు. దాటిపోయినా వదిలేయకండి. కారణం న్యాయంగా ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం వాళ్లకుంది. భయంతో చెప్పలేదు, ఊరు వదిలి వలస వెళ్లాం, ఇలా ఏది నిజమైతే అది రాయండి. దరఖాస్తు తిరస్కరిస్తే 30 రోజుల్లో రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు.

చాలా దరఖాస్తుల్లో "అత్యాచారం జరిగింది, పరిహారం ఇప్పించండి" అని రెండు ముక్కలే ఉంటాయి. ఆ తర్వాత మీ బతుకు ఎలా మారిందో కూడా రాయాలి. బడి మానేశారా, కూలికి ఎన్నాళ్లు వెళ్లలేకపోయారా, గర్భం వచ్చిందా, మందులకు ఎంతైంది, ఇవన్నీ పరిహారం ఎంతో తేల్చేటప్పుడు చూస్తారు. అమెరికాలో సైన్యంలో ఉండగా ఇలాంటి హింసకు గురైన మాజీ సైనికుల క్లెయిములకు 2002లో ఒక నిబంధన తెచ్చారు. సైన్యం రికార్డులో ఏమీ లేకపోయినా, అప్పట్లో ఇంటికి రాసిన ఉత్తరం, కౌన్సెలింగ్ కాగితం, తోటివాళ్ల మాట, మనిషి ప్రవర్తనలో వచ్చిన మార్పు ఆధారంగా తీసుకుంటారు. మన దగ్గర కూడా బడి హాజరు కాగితం, ఉపాధి హామీ మస్టరులో మీ పేరు లేని వారాలు, మందుల చీటీలు జతచేస్తే మీ మాటకు బలం వస్తుంది.

ఆసుపత్రి గురించి ఒక మాట. ప్రభుత్వాసుపత్రైనా ప్రైవేటైనా ఉచితంగా చికిత్స చేయాలి, నిరాకరిస్తే అది నేరం. పరీక్షకు మీ అంగీకారం ఉండాలి. 'రెండు వేళ్ల పరీక్ష' చేయకూడదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న గట్టిగా చెప్పింది. చేయబోతే వద్దనండి. స్టేషన్‌లో మీ వాంగ్మూలం మహిళా అధికారే రాసుకోవాలి. కువి గానీ మరో భాష గానీ మీదైతే, ఆ భాష తెలిసిన మనిషి కావాలని అడగండి. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయొద్దు.

ఈ పీడీఎఫ్ ఎవరికైనా పంపండి. కానీ ఏ గ్రూపులోనూ బాధితురాలి పేరు, ఊరు, ఫోటో పెట్టొద్దు. అది శిక్షపడే నేరం. న్యాయసహాయానికి 15100, మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.