తూటా గాయం – అపోహలు, నిజాలు

అడవి పక్క ఊళ్ళలో అడవిపందులు పంటను పాడుచేస్తాయి. వాటిని కొట్టడానికి కొందరు నాటు తుపాకులు దాచుకుంటారు. లైసెన్సు లేని తుపాకీ ఉంచుకోవడం నేరం. పైగా అది ఇంటిల్లిపాదికీ ముప్పు. చీకట్లో పంది అనుకొని మనిషిని కాల్చినవాళ్ళున్నారు. ఖాళీదే కదా అని పిల్లలు ఆడుకుంటుంటే పేలిన తుపాకులూ ఉన్నాయి.

అలాంటి వేళ ఇంట్లో ఆడవాళ్ళే ముందు పరుగెత్తుకొస్తారు. ఏం చెయ్యాలో తెలిస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. తూటా గురించి జనం అనుకునే మాటల్లో ఏది నిజం? ఏది కాదు? చదవండి.

తూటా అంటే ఏమిటి?

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ఒకటి ఇత్తడి గొట్టం. రెండు, గొట్టంలోని మందు. మూడు, అడుగున ఉండే చిన్న టోపీ. నాలుగు, కొసన ఉండే గుండు. తుపాకీ మీట నొక్కితే టోపీకి దెబ్బ తగులుతుంది. నిప్పు పుడుతుంది. మందు అంటుకుంటుంది. ఆ జోరుకు గుండు దూసుకుపోతుంది. గుండులో ఎక్కువగా సీసం ఉంటుంది.

"గాయం చిన్నదే, భయం లేదు"

ఇది తప్పు. పైన రంధ్రం చిన్నగా కనబడవచ్చు. లోపల గుండు ఎముకను విరగ్గొడుతుంది. నరాలను, పేగులను చీలుస్తుంది. రక్తం లోపలే కారుతుంది. అది బయటికి కనబడదు. కాబట్టి గాయం ఎంత చిన్నదైనా ఆస్పత్రికి పోవాల్సిందే.

"గుండును వెంటనే పీకెయ్యాలి"

సినిమాల్లో కత్తిని కాల్చి గుండు తీసేస్తారు. మనిషి లేచి కూర్చుంటాడు. నిజంగా అలా చేస్తే రక్తం ఇంకా ఎక్కువ పోతుంది.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను ఒకడు కాల్చాడు. గుండు కోసం డాక్టర్లు కడగని వేళ్ళతో గాయంలో వెతికారు. గుండు దొరకలేదు. గాయం చీము పట్టింది. రెండున్నర నెలలకు ఆయన చనిపోయాడు.

1912లో అదే దేశపు మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఛాతీలో గుండు దిగింది. దాన్ని తీయడం కన్నా వదిలెయ్యడమే మేలని డాక్టర్లు అనుకున్నారు. గుండు ఒంట్లోనే ఉండిపోయింది. ఆయన మరో ఆరేళ్ళకు పైగా బతికాడు.

అంటే ఎప్పుడూ గుండును వదిలెయ్యాలని కాదు. కీళ్ళలో గుండు ఉంటే సీసం కరిగి ఒంట్లోకి ఎక్కుతుంది. అప్పుడు తీయాలి. తీయాలా వద్దా అన్నది ఎక్స్‌రే చూసి డాక్టరే చెప్పాలి.

"గుండు వేడిగా ఉంటుంది, క్రిములు చస్తాయి"

చావవు. గుండుతో పాటు బట్ట పీలికలు, దుమ్ము లోపలికి పోతాయి. అందువల్ల చీము పట్టవచ్చు. ధనుర్వాతం కూడా రావచ్చు. డాక్టరు చెప్పిన సూదిమందు వేయించుకోవాలి. గాయం మీద పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టొద్దు.

"పోలీసు కేసవుద్ది, ఆస్పత్రికి పోవద్దు వదినా"

ఈ భయమే చాలామంది ప్రాణం తీస్తుంది. తుపాకీ గాయమైతే ఆస్పత్రివాళ్ళు పోలీసులకు తెలియజేస్తారు. ఆ మాట నిజమే. కానీ పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆగనక్కర లేదు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు. 1989లో సుప్రీంకోర్టు ఈ తీర్పు చెప్పింది. సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి. కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

"గాలిలోకి కాలిస్తే ఏం కాదు"

పైకి పోయిన గుండు కిందికి రాక మానదు. ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. ఉత్తరాదిన పెళ్ళిళ్ళలో సరదాకు కాల్చిన గుళ్ళు తగిలి మనుషులు చనిపోయారు. 2019లో చట్టం మార్చారు. ఇలా సరదాకు కాల్చి జనాన్ని ప్రమాదంలో పెడితే 2 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

"పాత తూటాయే కదా, ఏం చేస్తుంది?"

పేలని తూటా ఎన్నేళ్ళయినా పేలవచ్చు. సుత్తితో కొట్టినా, పొయ్యిలో వేసినా పగులుతుంది. ముక్కలు ఎగిరి కళ్ళు పోతాయి. చేలో, అడవిలో తూటా కనబడితే ముట్టుకోవద్దు. పిల్లల్ని దూరం పంపండి. పోలీసులకు చెప్పండి.

గాయం తగిలితే ఏం చెయ్యాలి?

1. తుపాకీని ముట్టుకోవద్దు. ఎవరినీ ముట్టుకోనివ్వద్దు.
2. 108కి ఫోన్ చెయ్యండి.
3. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. గుడ్డ తడిస్తే తీయవద్దు. దాని మీదే ఇంకో గుడ్డ వేసి అదమండి.
4. వెనక వైపు కూడా చూడండి. గుండు అటు నుంచి బయటికి పోయి ఉండవచ్చు. అక్కడా రక్తం ఆపండి.
5. నీళ్ళు, కాఫీ, అన్నం ఏమీ పెట్టొద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు.
6. దుప్పటి కప్పండి. ధైర్యం చెప్పండి.

చెప్పండి

1. గార్ఫీల్డ్ గాయం ఎందుకు చీము పట్టింది?
2. గుడ్డ రక్తంతో తడిస్తే ఏం చెయ్యాలి?
3. సుప్రీంకోర్టు 1989లో ఏం చెప్పింది?

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో ఎవరింట్లోనైనా నాటు తుపాకీ ఉందా? దానివల్ల ఆ ఇంటి పిల్లలకు ఏం ప్రమాదం? సంఘంలో కూర్చుని మాట్లాడుకోండి.